కుండీలో మొక్క: మట్టి కలపడం, ఎరువు వేయడం

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద కరువు భత్యం గురించి, బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడగలిగిన పెద్దలు ఉన్నారు. వారి తరువాత లేచి కుండీలో మట్టి గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. విషయం చిన్నదే. కానీ మన ఇళ్ళలో దీనివల్ల కలిగే బాధ అంత చిన్నది కాదని నా అభిప్రాయం.

పదవీ విరమణ అయిన మొదటి ఏడాదిలో మనలో చాలామంది మొక్కలు పెంచడం మొదలుపెడతారు. రెండో ఏడాదికి డాబా మీద ఖాళీ కుండీలు బోర్లించి ఉంటాయి. ఏమండీ అని అడిగితే, "నాకు చేతివాసి లేదండీ, నేను ఏది పెట్టినా బతకదు" అంటారు. ముప్పై, ముప్పై అయిదేళ్ళు ఒక కార్యాలయాన్ని నడిపిన మనిషి, పది మంది పిల్లల్ని పెంచిన తల్లి, ఒక మిరప మొక్క ఎండిపోయిందని తన చేతిని తాను తిట్టుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. ఈ వయసులో మనకు ఉత్సాహం కలిగించే పనులు ఎన్నో లేవు. ఉన్న ఒక్కటీ ఇలా చెయ్యి జారిపోకూడదు.

మొక్క చావడానికి చేతివాసి కారణం కాదు. నూటికి తొంభై పాళ్ళు కారణం మట్టిలోనో, నీళ్ళలోనో, ఎరువులోనో దొరుకుతుంది. ఈ మూడూ నేర్చుకోదగినవే. కొత్తగా మొదలుపెట్టేవారి కోసం వాటిని వరసగా చెబుతాను.

నేల వేరు, కుండీ వేరు

పెరట్లో మొక్క నాటితే దాని వేరు కావలసినంత దూరం పోతుంది. ఇక్కడ తడి లేకపోతే అక్కడ వెతుక్కుంటుంది. నేలలో వానపాములు మట్టిని గుల్ల చేస్తాయి. ఎక్కువైన నీరు లోపలికి ఇంకిపోతుంది. కుండీలో ఈ వసతులేవీ లేవు. పన్నెండు అంగుళాల కుండీలో పట్టేది సుమారు 15 లీటర్ల మట్టి. మొక్కకు ఇల్లూ అదే, వంటగదీ అదే.

వేరుకు నీరు ఎంత అవసరమో గాలి కూడా అంత అవసరం. పెరటి మట్టిని అలాగే తెచ్చి కుండీలో నింపితే, రోజూ పైనుంచి పోసే నీళ్ళకు రెండు మూడు నెలల్లో అది అణిగి ఇటుకలా తయారవుతుంది. గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. నీళ్ళు పైన నిలుస్తాయి, లేదా కుండీ గోడ పక్కనుంచి జారి కింద కన్నంలోంచి వెళ్ళిపోతాయి. రెండో పక్షంలో మనం నీళ్ళు పోశామనుకుంటాం, మొక్క దాహంతో ఉంటుంది. మొదటి పక్షంలో వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. రెండింటిలోనూ ఆకు పైకి ఒకే రకంగా వాడుతుంది. వాడిందని మనం ఇంకో చెంబు పోస్తాం. చిక్కంతా అక్కడే ఉంది.

మన జిల్లాల మట్టి

మన రాష్ట్రాలు రెండింటిలోనూ ముఖ్యంగా మూడు రకాల మట్టి దొరుకుతుంది. తెలంగాణలో చెల్క నేలలనేవి, రాయలసీమలో చాలాచోట్ల ఉండేవి ఎర్రమట్టి. దీనిలో నీరు బాగా దిగుతుంది కానీ సారం తక్కువ, ముఖ్యంగా నత్రజని తక్కువ. కుండీలకు మూలంగా వాడడానికి ఇదే మంచిది. రెండోది నల్లరేగడి. పత్తికి బంగారం లాంటి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. కుండీలో మాత్రం ఒంటరిగా వాడరాదు. మూడోది కృష్ణా, గోదావరి డెల్టాల ఒండ్రుమట్టి. సారవంతమైనదే, కానీ మెత్తటి రేణువుల వల్ల కుండీలో త్వరగా బిగుసుకుంటుంది.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలను మనమందరం బండి మీదో, నర్సరీలోనో కొంటాం. వాటిలో చాలావాటి వేళ్ళ చుట్టూ జిగురు మట్టి ముద్దగా ఉంటుంది. ఆ ముద్దను అలాగే వదులు మట్టిలో పెడితే, చుట్టూ ఉన్న మట్టి తడుస్తుంది, ముద్ద లోపలి భాగం పొడిగా ఉండిపోతుంది. అందుచేత నాటే ముందు ఆ ముద్దను బకెట్టు నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, బయటి పొరను వేళ్ళతో మెల్లగా సడలించి, వేళ్ళు తెగకుండా నాటాలి. సంచి కోసి తీయాలే తప్ప మొక్కను కాండం పట్టుకుని లాగరాదు.

మట్టి కలిపే లెక్క

కొలతకు ఏదైనా ఒక డబ్బా తీసుకోండి. పాత పెయింటు డబ్బా అయినా సరే, కొలత అంతా దానితోనే.

మొదటి మిశ్రమం పూలమొక్కలకు, తులసికి, కరివేపాకుకు, మిరప, వంగ, టమాటాలకు పనికివస్తుంది. జల్లించిన ఎర్రమట్టి 2 డబ్బాలు, బాగా మాగిన పశువుల ఎరువు గాని వర్మీ కంపోస్టు గాని 1 డబ్బా, నానబెట్టి పిండిన కొబ్బరి పొట్టు 1 డబ్బా. కొబ్బరి పొట్టు దొరకకపోతే దాని బదులు ముతక ఇసుక.

రెండో మిశ్రమం డాబా మీద బరువు తగ్గాలనుకునేవారికి, ఆకుకూరలకు. కొబ్బరి పొట్టు 2 డబ్బాలు, వర్మీ కంపోస్టు 1, ఎర్రమట్టి 1.

మూడోది కలబంద, ఎడారి గులాబి లాంటి నీరు తక్కువ కోరే మొక్కలకు. మట్టి 1 డబ్బా, ముతక ఇసుక 2, ఎరువు అర డబ్బా.

ఊళ్ళో నల్లరేగడి తప్ప మరొకటి దొరకనివారు అది 1 డబ్బా, ముతక ఇసుక 1, మాగిన ఎరువు 1, కొబ్బరి పొట్టు గాని వరి ఊక గాని 1 డబ్బా చొప్పున కలుపుకోవచ్చు.

మొదటి రెండు మిశ్రమాలకు పన్నెండు అంగుళాల కుండీకి ఒక గుప్పెడు వేప పిండి, రెండు చెంచాల ఎముకల పొడి కలపండి. ఎముకల పొడి వాడడం ఇష్టం లేనివారు దాన్ని వదిలి వర్మీ కంపోస్టు ఒక గుప్పెడు ఎక్కువ వేసుకుంటే సరిపోతుంది. కలిపిన మట్టిని కాస్త తడిపి, గోనెపట్టా కప్పి, నీడలో పది పదిహేను రోజులు ఉంచి అప్పుడు నాటండి. వేప పిండి మాగేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి చల్లారాక నాటితే లేత వేరుకు దెబ్బ తగలదు.

ఒక్కొక్క సరుకు గురించి ఒక్కొక్క హెచ్చరిక చేస్తాను.

పశువుల ఎరువు పచ్చిది వాడవద్దు. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. పేడ వాసన రాదు. వాసన వస్తుంటే ఇంకో రెండు నెలలు పక్కన పెట్టండి.

కొబ్బరి పొట్టు కోనసీమ నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి దిమ్మలుగా వస్తుంది. 5 కిలోల దిమ్మ నీళ్ళలో నానితే ఉబ్బి సుమారు 70 లీటర్లవుతుంది. దానిలో ఉప్పు ఉండవచ్చు. కనుక రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి కడిగి, పిండి వాడాలి. దానికి తనంతట సారం లేదని గుర్తుంచుకోండి. అది నీటిని పట్టి ఉంచుతుంది, మట్టిని గుల్లగా ఉంచుతుంది. తిండి మనం పెట్టాలి.

ఇసుక ఏటి ఇసుక అయి ఉండాలి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఇల్లు కట్టేచోట దొరికే రాతి పొడి ఇసుకను వాడితే మెత్తటి పొడి పోయేలా జల్లించాలి, లేకపోతే సిమెంటులా బిగుస్తుంది.

మిశ్రమం కుదిరిందో లేదో చూడడానికి రెండు పరీక్షలున్నాయి. తడి మిశ్రమాన్ని గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కండి. ముద్ద కట్టాలి, వేలితో తాకగానే విడిపోవాలి. విడిపోకపోతే జిగురు ఎక్కువ. ముద్దే కట్టకపోతే ఇసుక ఎక్కువ. రెండోది, కుండీ నింపి నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు పైన చెరువులా నిలవకుండా దిగిపోయి, కాసేపటికి కింద కన్నంలోంచి రావాలి.

కుండీ అడుగున కంకర రాళ్ళు రెండు మూడు అంగుళాలు పరిచే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల ఉపయోగం లేదు. పై మట్టి పూర్తిగా తడిసి నిండేవరకు నీరు ఆ రాళ్ళలోకి దిగదు, పైగా వేరుకు ఉన్న చోటు తగ్గుతుంది. కన్నం మీద ఒక పెంకు ముక్క బోర్లిస్తే చాలు. మట్టిని అంచు దాకా నింపకుండా ఒక అంగుళం పైన వదలండి, నీళ్ళు నిలవడానికి.

బరువు సంగతి

ఇది మన వయసువారికి అన్నిటికంటే ముఖ్యమైనది. పన్నెండు అంగుళాల కుండీలో తడిసిన ఉత్త మట్టి 25 కిలోలు తూగుతుంది. అలాంటివి 20 పెడితే అర టన్ను. అదే రెండో మిశ్రమంతో నింపితే ఒక్కొక్కటి సుమారు 15 కిలోలు. డాబా మధ్యన గుంపుగా పెట్టకుండా, కింద గోడలు, దూలాలు ఉన్నచోట వరసగా పెట్టండి. రెండేసి ఇటుకల మీద పెడితే కింద తడి ఆరుతుంది, స్లాబు పాడవదు. పిట్టగోడ మీద కుండీలు వద్దు. గాలివానకు కింద పోయేవారి మీద పడితే మన జీవితకాలపు మంచిపేరు ఒక్క రోజులో పోతుంది. అపార్టుమెంట్లలో ఉన్నవారు మిగిలిన వాటాదారులతో ముందే మాట్లాడుకోవాలి.

నిండిన కుండీని ఎవరూ ఎత్తవద్దు. మొదట చోటు నిర్ణయించి, ఖాళీ కుండీని అక్కడ పెట్టి, మట్టిని మగ్గుతో మోసి నింపుకోండి. ఈ పనికి రెండు రోజులు పట్టినా మనకు నష్టం లేదు. నడుము పట్టేస్తే రెండు నెలలు పోతాయి.

మొదటిసారికి అయిదు కుండీలు చాలు. ఒకటి తోటకూర, ఒకటి మెంతికూర, ఒకటి పుదీనా, ఒకటి మిరప, ఒకటి ఇంట్లో ఆడవారు కోరిన పూలమొక్క. ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున్న వెడల్పు తొట్టి సరిపోతుంది. మిరప, వంగ, టమాటాలకు పన్నెండు అంగుళాలు. బీర, సొర పాదులకు, నిమ్మకు పద్దెనిమిది అంగుళాలు కావాలి. మట్టి కుండీ గోడ గాలి పీలుస్తుంది, త్వరగా ఆరుతుంది. ప్లాస్టిక్ కుండీ తడిని నిలుపుతుంది. రెండు రకాలూ ఉన్న ఇంట్లో అన్నిటికీ ఒకే లెక్కన నీళ్ళు పోయరాదు.

నీళ్ళ గురించి ఒక సంగతి

మన సభ్యులొకరి ఇంట్లో జరిగింది చెబుతాను. వారి పేరు చెప్పను. వారి శ్రీమతి మూడు మల్లె కుండీలు పెంచేవారు. ఆమె కాలం చేసిన తరువాత ఈయన ఆ కుండీలకు పొద్దునా సాయంత్రం తప్పకుండా నీళ్ళు పోశారు. ఆమె బతికుండగా అంత శ్రద్ధగా ఆయన ఏ పనీ చేసి ఉండరని వారి అమ్మాయే అంది. అయినా శ్రావణం వచ్చేసరికి మూడు మొక్కల ఆకులూ పసుపుపచ్చగా మారి రాలడం మొదలైంది. "ఆవిడతోనే అవీ పోతున్నాయి" అని ఆయన నాతో అన్నారు.

మేమిద్దరం ఒక కుండీని పక్కకు వాల్చి మట్టి గడ్డను బయటకు తీశాం. కింద కన్నం వేళ్ళతో, మట్టితో పూడిపోయి ఉంది. మట్టి గట్టిగా ముద్దలా ఉంది, అడుగున కుళ్ళు వాసన. వేళ్ళు సగం నల్లబడ్డాయి. వానలు పడుతున్నా రోజుకు రెండుసార్లు నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నల్లబడ్డ వేళ్ళు కత్తిరించి, పైకొమ్మలను సగానికి తగ్గించి, మొదటి మిశ్రమంలో ఒక పాలు ఇసుక కలిపి తిరిగి నాటాం. నెల రోజులు నీడలో ఉంచి, ఎరువేమీ వేయకుండా, వేలు పెట్టి చూసి పొడిగా ఉన్నప్పుడే నీళ్ళు పోయమన్నాను. రెండు మొక్కలు చిగిర్చాయి. మూడోది దక్కలేదు. ఆ రెండింటిలో ఒకదాని కొమ్మను మట్టిలో వంచి అంటుతొక్కి ఆయన మూడో కుండీ నింపుకున్నారు. మార్చి నెలలో ఆ పూలు వారి అమ్మాయి తలలో చూశాను.

ప్రేమతో పోసిన నీళ్ళే ఎక్కువ మొక్కలను చంపుతాయి. గడియారం చూసి నీళ్ళు పోయకండి. చూపుడు వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ పూట మానేయండి. పొడిగా ఉంటే, కింద కన్నంలోంచి కారేదాకా నిండుగా పోయండి. వేసవిలో రెండు పూటలా అవసరం కావచ్చు, వానాకాలంలో నాలుగు రోజులు అవసరం లేకపోవచ్చు.

బోరు నీళ్ళు వాడేవారి కుండీల అంచున తెల్లటి పొర కడుతుంది. అది లవణం. రెండు మూడు నెలలకొకసారి కుండీకి మామూలుకు మూడు నాలుగింతల నీళ్ళు, వీలైతే వాననీళ్ళు, పోసి ఆ ఉప్పు కిందకు పోనివ్వండి. కుండీ కింద పళ్ళేలు పెట్టేవారు వాటిలో నీరు నిలవనీయవద్దు. డెంగ్యూ దోమ శుభ్రమైన నిలవనీటిలోనే పెరుగుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు వారం పది రోజులు చాలు. వారానికి ఒకరోజు పళ్ళేలన్నీ బోర్లించి, రుద్ది కడిగి ఆరబెట్టండి.

ఎరువు: ఒకటో తారీఖు, పదిహేనో తారీఖు

మొక్క ముఖ్యంగా మూడు అడుగుతుంది. ఆకుకు నత్రజని, వేరుకు, పూతకు భాస్వరం, కాయకు, రోగనిరోధక శక్తికి పొటాష్. నీళ్ళు పోసిన ప్రతిసారీ కుండీలోని సారం కొంత కన్నంలోంచి పోతుంది. అందుచేత కుండీ మొక్కకు కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా పెట్టాలి. ఒకేసారి బస్తా కుమ్మరించి ఆరు నెలలు మరిచిపోయే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మనం కూడా ఏడాది జీతం ఒక్కసారి ఇస్తే సంసారం నడపలేకపోయేవాళ్ళం.

గుర్తుంచుకోవడానికి మనకు తేలికైన తారీఖు ఒకటే ఉంది. ఒకటో తారీఖు. పింఛను కోసం ఆ రోజు ఎదురుచూడని వారు ఇక్కడ లేరు. ఆ రోజు మొక్కకు కూడా ఇవ్వండి.

ఒకటో తారీఖున ఘనాహారం. పన్నెండు అంగుళాల కుండీకి రెండు గుప్పెళ్ళ వర్మీ కంపోస్టు. కాండానికి ఆనకుండా కుండీ అంచు వెంట మట్టిని ఒక అంగుళం లోతు గీకి, వేసి, మట్టి కప్పి నీళ్ళు పోయాలి. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో దీనితోపాటు ఒక గుప్పెడు వేప పిండి, ఒక చెంచా ఎముకల పొడి.

పదిహేనో తారీఖున ద్రవాహారం. 100 గ్రాముల వేరుశెనగ చెక్కను 2 లీటర్ల నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, వడగట్టి, ఆ నీటికి పదింతల మంచినీళ్ళు కలిపి కుండీకి అర లీటరు చొప్పున పోయండి. దీనికి వాసన ఉంటుంది, ఇరుగుపొరుగు బట్టలారేసే వేళ చూసుకోండి. వాసన పడనివారు నీళ్ళలో కరిగే 19-19-19 ఎరువును 5 లీటర్ల నీటికి ఒక చెంచా, అంటే లీటరుకు ఒక గ్రాము చొప్పున కలిపి పోసుకోవచ్చు.

ఇంట్లో ఆవు పేడ, గోమూత్రం దొరికేవారు జీవామృతం చేసుకోవచ్చు. 20 లీటర్ల నీటికి కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శెనగపిండి, గుప్పెడు మంచి మట్టి. నీడలో ఉంచి రోజూ కర్రతో కలిపి, రెండు రోజుల తరువాత పదింతల నీటితో వాడాలి. వారం లోపల అయిపోవాలి.

రసాయనిక ఎరువు మంచిదా, సేంద్రియమా అని మనవాళ్ళు వాదించుకుంటూ ఉంటారు. నేను ఒక లెక్క మాత్రం చెబుతాను. యూరియాలో 46 శాతం నత్రజని. పశువుల ఎరువులో సుమారు అర శాతం. వర్మీ కంపోస్టులో ఒకటిన్నర, రెండు శాతం. వేప పిండిలో 5, వేరుశెనగ చెక్కలో 7. అంటే 5 గ్రాముల చెంచాడు యూరియాలో ఉన్న నత్రజని, దాదాపు అర కిలో పశువుల ఎరువులో ఉన్నంత. చేను మీద చల్లితే అది విస్తరిస్తుంది. 15 లీటర్ల కుండీలో చెంచాడు వేస్తే వేరు మాడిపోతుంది. కొత్తవారు కుండీలలో యూరియా జోలికి పోవద్దని అందుకే అంటాను. పశువుల ఎరువులో సారం తక్కువైనా మట్టిని గుల్ల చేస్తుంది, పొరపాటున గుప్పెడు ఎక్కువైనా మొక్క చావదు.

ఎరువు వేయకూడని సందర్భాలు అయిదు. కొత్తగా నాటిన మొదటి నెల. మట్టి ఎండి ఉన్నప్పుడు, ముందు నీళ్ళు పోసి తరువాతే ఎరువు. ఎడతెగని వానల్లో. జబ్బుపడిన మొక్కకు. ఏప్రిల్ చివరి నుంచి రోహిణి కార్తె ఎండలు తగ్గేవరకు. ఆ నెలల్లో పిండ్లు, పొడులు మాని, నీడ, నీళ్ళు, మట్టిపైన ఎండుటాకుల కప్పు, ఈ మూడూ చూసుకుంటే చాలు.

ఆకుకూరలు నెల రోజుల పంట గనుక వాటికి పదిహేనో రోజున ఒకసారి ద్రవాహారం ఇస్తే సరిపోతుంది. మల్లెకు నవంబరు చివర, డిసెంబరులో నీళ్ళు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, తరువాత ఎరువు వేసి నీళ్ళు మొదలుపెడితే వేసవిలో పూత బాగా ఉంటుంది. గులాబీని వానలు తగ్గాక, దసరా దీపావళి మధ్యలో కత్తిరించి ఎరువు వేయాలి.

ఆకు చెప్పే మాట

కింద ముదురాకులు అంతా సమంగా పసుపుపచ్చగా మారితే నత్రజని తక్కువ. కొత్త చిగురు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, సున్నం ఎక్కువగా ఉన్న నీళ్ళవల్ల ఇది తరచుగా వస్తుంది. ఆకు అంచులు మాడితే ఉప్పో, ఎరువో ఎక్కువైందేమో చూడండి. మొక్క ఏపుగా ముదురాకుపచ్చగా పెరిగి పూత లేకపోతే నత్రజని ఎక్కువైంది, లేదా ఎండ చాలడం లేదు. మట్టి తడిగా ఉండగానే ఆకు వాడితే వేరు కుళ్ళుతోంది, నీళ్ళు ఆపండి. టమాటా కాయ అడుగున నల్లమచ్చ వస్తే కాయకు కాల్షియం అందలేదని అర్థం. ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచితే అలా అవుతుంది.

వంటింటి నీళ్ళలో బియ్యం, పప్పు కడిగినవి పోయవచ్చు. పాలూ చక్కెరా లేకుండా కడిగిన టీ పొడి వేయవచ్చు. ఉప్పు తగిలిన నీళ్ళు, సబ్బు నీళ్ళు వద్దు. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేస్తే మంచిదే, కానీ అవి కరగడానికి చాలా కాలం పడుతుంది. ఈ నెల వేసి ఈ నెలే ఫలితం ఆశించవద్దు.

ఏడాదికొకసారి మే నెలలో ఖాళీ అయిన కుండీల మట్టిని తార్పాలిన్ మీద పరచి, వేళ్ళు ఏరి, పది పదిహేను రోజులు ఎండనివ్వండి. తరువాత జల్లించి మూడో వంతు కొత్త ఎరువు కలిపితే మళ్ళీ వాడుకోవచ్చు. పాత మట్టి పారేసి కొత్తది కొనడం అనవసరపు ఖర్చు. టమాటా పోయిన మట్టిలో వెంటనే టమాటా, వంగ, మిరప పెట్టకుండా ఆకుకూరలో, చిక్కుడో పెట్టండి. ఆ మూడూ ఒకే కుటుంబం, ఒకదాని తెగులు ఇంకొకదానికి వస్తుంది.

మన ఒంటి జాగ్రత్త

చక్కెర వ్యాధి ఉన్నవారు మనలో ఎందరో ఉన్నారు. వారు కుండీల మధ్య చెప్పులు లేకుండా తిరగరాదు. చేతికి గాని కాలికి గాని పుండు ఉంటే మట్టి ముట్టరాదు. మట్టిలోనూ బురదలోనూ ఉండే సూక్ష్మజీవివల్ల వచ్చే మెలియాయిడోసిస్ అనే జబ్బు మన ప్రాంతంలోనూ ఉంది, అది చక్కెర వ్యాధి ఉన్నవారిని ఎక్కువగా పట్టుకుంటుంది. చేతి తొడుగులు పెద్ద ఖర్చు కాదు. పని అయ్యాక సబ్బుతో చేతులు, కాళ్ళు కడుక్కోండి. ధనుర్వాతం టీకా సంగతి డాక్టరుగారిని అడగండి. తడిసిన డాబా మీద నాచు పట్టనీయవద్దు, ఈ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మనం మన మిత్రుల ఇళ్ళలో చూశాం. ఎత్తైన పీట మీద కూర్చుని పని చేయండి, వంగి కాదు. ఎండ ఎక్కకముందే దిగిపోండి.

కొడుకు దగ్గరకో, కూతురి దగ్గరకో అమెరికా వెళ్ళి అయిదారు నెలలు ఉండేవారు, వెళ్ళేముందు కుండీలను పక్కింటివారికి అప్పగించండి. చార్జి అప్పగించేటప్పుడు మనం జాబితా రాసిచ్చేవాళ్ళం కదా, అలాగే ఏ కుండీలో ఏముంది, ఎన్ని రోజులకు నీళ్ళు, ఎప్పుడు ఎరువు అని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. తిరిగి వచ్చాక వారికి ఒక కుండీ ఇవ్వండి. వారం రోజుల ఊరు ప్రయాణమైతే కుండీలన్నీ నీడకు చేర్చి దగ్గర దగ్గరగా పెట్టి, ఎండుటాకులు కప్పి, నిండుగా నీళ్ళు పోసి వెళ్ళవచ్చు. ఆ చేర్చే పని మాత్రం ఇంట్లో చిన్నవారి చేత చేయించండి.

ఇంకా లోతుగా తెలుసుకోవాలనుకునేవారికి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలోనూ, ఉద్యాన శాఖ కార్యాలయంలోనూ చెప్పేవారున్నారు. వెళ్ళేటప్పుడు జబ్బు చేసిన ఆకును కాగితం సంచిలో వేసి తీసుకువెళ్ళండి. నోటితో వర్ణిస్తే వారికి అర్థం కాదు.

ఫ్యామిలీ పింఛను తీసుకుంటున్న మన సోదరీమణులకు ఒక మనవి. మీలో కొందరు ఒక్క గది అద్దెకు తీసుకుని ఉంటున్నారని నాకు తెలుసు. కిటికీ దగ్గర నాలుగు గంటల ఎండ పడితే ఒక పుదీనా తొట్టికి అది చాలు. బజారులో కొన్న పుదీనా కట్టలో లేతకాడలు తుంచి, గ్లాసు నీళ్ళలో వేరు వచ్చేదాకా ఉంచి, రెండో మిశ్రమంలో నాటండి. మట్టి కలపడానికి సరుకు దొరకకపోతే సంఘం కార్యాలయంలో చెప్పండి. పదిమందికి కలిపి ఒకేసారి తెప్పిస్తే ఒక్కొక్కరికి ఖర్చు తక్కువ పడుతుంది. ఈ విషయం కార్యదర్శిగారితో మాట్లాడాను, వారు సరేనన్నారు. పేర్లు ఈ రోజే రాసుకుంటారు. మట్టి కలిపే రోజు నేనూ వస్తాను.

 భోజనాలకు ఆలస్యమైతే వంటవారు ఊరుకోరు గనుక ఇక్కడితో ముగిస్తున్నాను. ప్రశ్నలేమైనా ఉంటే పంక్తిలో నా పక్కన కూర్చుని అడగవచ్చు.